దేవదానం మేస్త్రిగారికి లొంగని స్టార్టింగ్ ట్రబుల్

బండి స్టార్ట్ అవడానికి ఆలస్యమవుతోందని ఎవరైనా మీ షెడ్డుకి వస్తే వెంటనే పానా తీయకండి. స్టూలు వేసి కూర్చోబెట్టి అడగండి. పొద్దున్న పూటా, మధ్యాహ్నమా? వాన పడ్డాకా, ఎండలోనా? ఇంటి దగ్గరా, దారిలోనా? ఎవరు తోలుతున్నప్పుడు? ఈ ఆఖరి ప్రశ్న ఏ పుస్తకంలోనూ ఉండదు. అది నాకెలా వచ్చిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మిగతా పని మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది, ఇప్పటి బళ్లు వేరు.

మేస్త్రిగారు

డెబ్బైల్లో అమలాపురంలో కాలవగట్టుకి ఆనుకుని దేవదానం మేస్త్రిగారి షెడ్డు ఉండేది. మా అన్నదమ్ములు బడిపంతుళ్లయ్యారు. నాకు చదువు ఒంటబట్టలేదు. మా నాన్న నన్ను మేస్త్రిగారి ముందు నిలబెట్టి, వీడికి ఇంజినైనా అర్థమవుతుందేమో చూడండని చెప్పి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మేస్త్రిగారు పోయేదాకా ఆయన దగ్గరే ఉన్నాను.

ఆయన మహా కోపిష్టి. తిట్టడం మొదలుపెడితే కాలవలో బట్టలుతికేవాళ్లు ఉతకడం ఆపి వినేవారు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని పాడిన మనిషి ఈయనేనా అని సోమవారం అనుమానం వచ్చేది. కానీ పనిలో మోసం లేదు. అవసరం లేకుండా సామాను మార్చడమంటే ఆయనకి ఒళ్లుమంట. అలా మార్చేవాడు మెకానిక్కు కాదు, సామాన్ల కొట్టువాడు అనేవారు.

ఒకసారి కొబ్బరి పీచు తోలే లారీ ఒకటి వచ్చింది. పొద్దున్నే ఎంతకీ లేవదు, లేచినా నల్లటి పొగ. అప్పటికే వేరే షెడ్డువాళ్లు డీజిల్ పంపు విప్పి బిగించారు, నాజిల్సు మార్చారు. మేస్త్రిగారు ఇంజిను జోలికే పోలేదు. గాలి వడకట్టే డబ్బా మూత తీసి నా ముందు బోర్లించారు. గుప్పెళ్లకొద్దీ పీచుపొడి రాలింది. ముక్కులో దూది కుక్కి గుండెకి మందిస్తున్నారు అని ఆ షెడ్డువాళ్లని తిట్టారు. ఇంజినుకి గాలి, తిండి, నిప్పు, ఈ మూడూ అందుతున్నాయో లేదో చూడు, ఆ తర్వాతే విప్పు అనేవారు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అంతకు మించి తెలిసిందేమీ లేదు.

ఆయన పొరపాటు పడలేదని కాదు. ఒక జీపుకి పెట్రోలులో నీళ్లు కలిశాయని చెప్పి పంపించేశారు. అసలు సంగతి ఎర్తు తీగ వదులైంది. ఆ విషయం తెలిసిన రోజునే సంచీ భుజాన వేసుకుని, రేవు దాటి, ఆ ఊరు వెళ్లి, పదిమంది ముందూ తప్పు తనదేనని చెప్పి, జీపు బాగుచేసి వచ్చారు. పేరంటే ఆయనకి అంత ప్రాణం. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇది తెలియకపోతే తర్వాత చెప్పబోయేదాని బరువు మీకు అందదు.

గట్టు మీద బళ్లు

మా కోనసీమ నేల అరచెయ్యిలా చదును. పల్లం కావాలంటే ఏటిగట్టో కాలవగట్టో ఎక్కాలి. అందుకని స్టార్టింగ్ సరిగా లేని బళ్లన్నీ గట్టు మీదే నిలిపేవారు. పొద్దున్నే బ్రేకు వదిలితే బండి కిందికి జారుతుంది, గేరులో వేసి క్లచ్చి వదిలితే ఇంజిను లేస్తుంది. బ్యాటరీతోనూ పని లేదు, మెకానిక్కుతోనూ పని లేదు.

గట్టు లేని చోట మనుషులున్నారు. మావాళ్ల మర్యాద మీకు తెలిసిందేగా. దారిలో కారు ఆగితే అడక్కుండానే నలుగురు చేరతారు. "ఆయ్, మీరు కూకోండి, మేం తోసేత్తాం" అంటారు. సైకిలు మీద పోయేవాడు దిగి స్టాండు వేసి మరీ తోస్తాడు. అంతా తోసి, మీ బండికి ఏదో జబ్బుందండీ అని మాత్రం అనడు. అలా అనడం బాగుండదు కదా. ఈ మర్యాద వల్ల మా ప్రాంతంలో బళ్ల జబ్బులు ముదిరేదాకా బయటపడేవి కావు. మనుషుల జబ్బులూ అంతే.

కాలని చెయ్యి

కొత్తపేట అవతల ఒక పల్లెలో ఒక కామందుగారికి పాతకాలపు నల్లకారు ఒకటుండేది. దాని డ్రైవరు అప్పారావుగారు. సన్నగా, తెల్లచొక్కా నలగకుండా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. చిన్న సర్వీసుకి కూడా కారు మా షెడ్డుకే తెచ్చేవాడు. వస్తూ అందరికీ అరటిపళ్లు తెచ్చేవాడు.

ఆయనంటే మాకు ఇంకో ముచ్చట కూడా ఉండేది. దూరం నుంచి వచ్చిన బండి రేడియేటరు మూత తీయడం మా అందరికీ భయం. ఆవిరి కొడుతుంది, మూత సలసల కాగుతూ ఉంటుంది. గోనెసంచి తడిపి వేసి తీసేవాళ్లం. అప్పారావుగారు ఉత్త చేత్తో తీసేసేవాడు. మొహంలో చిన్న ముడత కూడా పడేది కాదు. అందుకని ఆయన షెడ్డులో ఉన్నప్పుడు ఏ బండి వచ్చినా మూత ఆయన చేతే తీయించేవాళ్లం. మేస్త్రిగారు కూడా మెచ్చుకునేవారు. అడిగితే అప్పారావుగారు సిగ్గుపడుతూ, "మా అమ్మ అమ్మవారి జాతరలో నిప్పుల గుండం తొక్కేదండీ, ఆవిడ పోలికండీ" అనేవాడు. మేమూ నమ్మాం. గుండం తొక్కినావిడ కొడుకు చెయ్యి కాలకపోవడంలో మాకు వింతేమీ కనపడలేదు. మర్నాడు ఆ చేతికి బొబ్బలు లేచేవని, ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కుని తిరిగేవాడని మాకు తెలియదు.

పొద్దున్నే చూడాలి

ఆ నల్లకారు పొద్దున్న పూట లేవడం లేదని ఫిర్యాదు మొదలైంది. కామందుగారు బ్యాటరీ మార్పించారు, ప్లగ్గులు మార్పించారు, కాయిలు మార్పించారు. మేం కార్బురేటరు విప్పి కడిగాం. మా షెడ్డులో నేను కూర్చుంటే ఒక్క లాగుకే స్టార్ట్ అయ్యేది. ఇంటికి వెళ్లాక మళ్లీ అదే గోల. ఒక శనివారం చుట్టాలతో వాడపల్లి వెంకన్న దగ్గరకి బయల్దేరితే, పట్టుచీరల ఆడవాళ్లందరినీ దింపి పాలేళ్ల చేత తోయించాల్సి వచ్చిందట. కామందుగారికి తల కొట్టేసినట్టయింది. ఈసారి కూడా కుదరకపోతే డ్రైవర్ని మార్చాల్సి ఉంటుందని కబురు పంపారు.

"జ్వరం పొద్దున్న వత్తంటే మధ్యాహ్నం నాడి చూత్తే ఏం లాభవురా. వెళ్లి అక్కడే పడుకుని, పొద్దున్నే చూసిరా" అని మేస్త్రిగారు నన్ను పంపారు.

ఆ కారుకి తాళంతో స్టార్ట్ చేసే ఏర్పాటు లేదు. స్టీరింగు పక్కన రెండు గుబ్బలుండేవి. ఒకటి చోకుది, చల్లగా ఉన్న ఇంజినుకి పెట్రోలు ఎక్కువ అందించేది. ఇంకొకటి స్టార్టరుది. మొదటిది పూర్తిగా బయటికి లాగాలి, రెండోది బలంగా లాగి పట్టుకోవాలి. మధ్యాహ్నం ఇంజిను వెచ్చగా ఉంటే చోకు అక్కర్లేదు, ఎలా లాగినా లేస్తుంది. పొద్దున్న అలా కాదు.

మర్నాడు తెల్లారగానే అప్పారావుగారు కూర్చుని లాగాడు. ఇంజిను మూలిగి ఊరుకుంది. మళ్లీ లాగాడు. నేను కిటికీలోంచి ఇంజిను వైపు కాకుండా ఆయన చెయ్యి వైపు చూశాను. చిటికెన వేలూ దాని పక్క వేలూ లోపలికి వంగి ఉన్నాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ గుంటపడింది. గుబ్బ సగం కూడా రాకుండానే వేళ్లలోంచి జారిపోతోంది. అరచేతిలో పచ్చి పుండు గుబ్బకి రాసుకుని రక్తం కారుతుంటే ఆయన దాన్ని చూడనే లేదు. ఆయన్ని దిగమని నేను కూర్చుని లాగాను. ఒక్క లాగుకే లేచింది.

మా పేటలో అలాంటి చెయ్యే ఉన్న ఒక పెద్దాయన్ని మురుగుకాలవ పక్క పాకలో విడిగా ఉంచేవారు. గిన్నెలో అన్నం దూరం నుంచి పోసేవారు. ఆ చెయ్యి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కామందుగారికి షెడ్డులో పని ఉందని మాత్రం చెప్పి, కారుతో సహా అప్పారావుగారిని అమలాపురం తీసుకొచ్చాను. దారంతా ఆయన కొబ్బరి ధరల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

కొబ్బరి ఈనె

నేను చెప్పింది విని మేస్త్రిగారు తిట్టలేదు. అందుకే నాకు మరీ భయమేసింది. అప్పారావుగారిని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి పాత టైరు మీద కూర్చోబెట్టారు. కళ్లు మూసుకోమన్నారు. చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి, కొసతో ఆయన అరచేతి మీద నెమ్మదిగా గీశారు.

"ముట్టుకున్నానా?"

"ఇంకా లేదండీ" అన్నాడు అప్పారావుగారు.

మేస్త్రిగారు ఇంకాస్త గట్టిగా గీశారు. చిటికెన వేలు మీద గుచ్చారు. అప్పారావుగారు కళ్లు మూసుకుని, ఎప్పుడు ముట్టుకుంటారా అని బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చి అటు తిరిగాను.

కళ్లు తెరిచి ఈనె చూసుకున్నాక ఆయనకి అర్థమైంది. ఏమో అనే అనుమానం ఆయనకి ముందే ఉందట. అందుకే వీలున్నప్పుడల్లా కారు గట్టు మీద పెట్టేవాడు, గుబ్బలతో పని లేకుండా. పెద్దరోగమని తెలిస్తే ఉద్యోగం ఆ పూటే పోతుంది. అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారు. పిల్లల్ని బడిలోంచి పంపేస్తారు. అదంతా ఆయన గొంతు పెంచకుండా, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. ఆఖర్న మాత్రం మేస్త్రిగారి కాళ్లు పట్టుకోబోయాడు.

మేస్త్రిగారు ఆయన్ని లేపి, ఒక్కటే షరతు పెట్టారు. "నువ్వు మందుకెళ్లు. కారు సంగతి నేను చూసుకుంటాను."

కుష్టుకి మందిచ్చే మిషన్ ఆసుపత్రి ఒకటి గోదావరి అవతల ఉండేది. రావులపాలెం వెళ్లి, జొన్నాడ దాటి, ఇంకో బస్సెక్కాలి. మొదటిసారి మేస్త్రిగారే వెంట వెళ్లారు. రోగం మందుకి లొంగుతుందనీ, వేసుకుంటూ ఉంటే ఇంకొకరికి అంటదనీ, కానీ చచ్చిపోయిన నరాలు మాత్రం తిరిగి బతకవనీ అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఏళ్ల తరబడి, నెలనెలా వచ్చి తీసుకెళ్లాలన్నారు.

నెలకోసారి

నెలనెలా ఒక పగలంతా సెలవు ఏ కామందిస్తాడు? ఇచ్చినా ఎక్కడికని అడగడా? మేస్త్రిగారు దానికొక దారి చూశారు.

ముందుగా కారుకున్న రెండు గుబ్బలకీ ఇత్తడి కడియాలు అతికించారు. వేళ్లతో పని లేకుండా మణికట్టు దూర్చి లాగొచ్చు. ఇవేంటని కామందుగారు అడిగితే పట్నంలో ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయండీ అని చెప్పారు. కారు తెల్లారి హాయిగా లేచేది. మందుకి వెళ్లాల్సిన రోజు దగ్గర పడగానే అప్పారావుగారు బ్యాటరీ టెర్మినల్ కాస్త వదులు చేసేవాడు. కారు మూలిగేది. కామందుగారు విసుక్కుని షెడ్డుకి పంపేవారు. కారు మా దగ్గర వదిలి అప్పారావుగారు బస్సెక్కేవాడు. ఆయన వచ్చేదాకా మేస్త్రిగారు బానెట్ ఎత్తి, ఏమీ లేని ఇంజినుని విప్పుతూ బిగిస్తూ కూర్చునేవారు. బళ్లకి రోగాలు పోగొట్టడమే తెలిసిన మనిషి ఒక బండికి రోగం తెప్పించడం నేర్పారు.

అలాంటి చేతులతో కారు తోలొచ్చా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. మేస్త్రిగారు పక్కన కూర్చుని రద్దీలోనూ గట్టు మీదా తోలించి చూసి వచ్చారు. "చూపుంది, కాళ్లున్నాయి, భయవుంది. ఈ మూడూ లేనోళ్లు బస్సులు తోల్తన్నారు" అన్నారు. ఆ మాట సరైనదని నేననను. ఆయన అలా తేల్చుకున్నారు. కారుకి ఏనాడూ గీత పడలేదన్నది మాత్రం నిజం.

నెలనెలా అదే కారు, అదే జబ్బు. ఊళ్లో నవ్వులు మొదలయ్యాయి. ఒకసారి కామందుగారు విసిగిపోయి, అల్లుడి చేత కారుని వేరే ఊరి షెడ్డుకి పంపించారు. అక్కడివాళ్లు టెర్మినల్ బిగించి, మీ మేస్త్రికి ఇది కూడా రాదా అని నవ్వి పంపారట. ఆ మాట కారుకంటే ముందు అమలాపురం చేరింది. ఆ రోజు నుంచి దేవదానం మేస్త్రిగారు టెర్మినల్ మేస్త్రి అయ్యారు. లారీలవాళ్లు కొందరు షెడ్డు మార్చేశారు. ఆయన దగ్గర పని నేర్చుకుని వెళ్లినవాళ్లే ఆ పేరుతో పిలిచి నవ్వుకున్నారు.

కామందుగారు మాత్రం మళ్లీ మా దగ్గరకే పంపారు. వాళ్ల నాన్నగారి నాటి నమ్మకం. ఆ నమ్మకమే మాకు అక్కరకొచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయేది. కామందుగారికొక్కరికైనా చెప్పేద్దామన్నాను. మేస్త్రిగారు చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ, "పేరుదేవుందిరా సత్యం, ఎప్పుడోకప్పుడు మనతోటే పోద్ది. ఆడి వేళ్లు పోతే మళ్లీ మొలుత్తాయా" అన్నారు. అన్నారే గానీ, టెర్మినల్ మేస్త్రి అని ఎవరైనా అన్నప్పుడు ఆయన మెడ నరాలు ఉబ్బడం నేను చూశాను. కాలవలో బట్టలుతికేవాళ్లకి తర్వాత్తర్వాత ఆయన తిట్లు వినపడలేదు. ఇంట్లో భార్యకి కూడా అసలు సంగతి చెప్పలేదు.

కొన్నేళ్లకి ఆసుపత్రివాళ్లు ఇంక మందక్కర్లేదన్నారు. రోగం పోయింది. వంగిన వేళ్లు వంగినట్టే ఉన్నాయి. స్పర్శ రాలేదు. కారుకి స్టార్టింగ్ ట్రబుల్ కూడా పోయింది. వయసొచ్చి దానికదే బాగుపడిందని ఊళ్లో అన్నారు. మేస్త్రిగారి ఖాతాలో ఎవరూ వేయలేదు.

సాక్ష్యం

ఎనభైల్లో మేస్త్రిగారు గుండెనొప్పితో పోయారు.

మా క్రైస్తవుల ఇళ్లలో భూస్థాపనకి ముందు, పోయినవారి గురించి తెలిసినవాళ్లు లేచి నాలుగు మాటలు చెబుతారు. సాక్ష్యం అంటాం. ఇంటి ముందు షామియానా వేశారు. మధ్యలో పెట్టె, దాని పక్కన మేస్త్రిగారి భార్య. కామందుగారు కూడా వచ్చారు. పెద్దమనిషి కదా అని పాస్టరుగారు ఆయన్నే మొదట మాట్లాడమన్నారు.

కామందుగారు చెడ్డ మనిషి కాదు. ప్రేమగానే మాట్లాడారు. "దేవదానం చెయ్యి పెడితే ఎలాంటి బండైనా లేవాల్సిందేనండీ. నా కారొక్కటే ఆయనకి లొంగలేదు" అన్నారు. చావింట్లో కూడా చిన్నగా నవ్వుకుంటారు కదా, అలా జనం నవ్వారు. వెనకెవరో టెర్మినల్ అని గొణిగారు. మేస్త్రిగారి భార్య తల ఇంకా కిందికి దించుకుంది.

అప్పారావుగారు నా పక్కనే కూర్చున్నాడు. ఆయన లేవబోతున్నాడని నాకు తెలిసింది. లేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఇన్నేళ్లు మేస్త్రిగారు తన పేరు ధారపోసి కాపాడింది ఒక్క మాటతో పోతుంది. కూర్చోమని ఆయన చేతిని గట్టిగా నొక్కి పట్టుకున్నాను. నా శక్తంతా పెట్టి నొక్కాను. నేను పట్టుకున్నానని ఆయనకి తెలియలేదు. లేచి నిలబడ్డాడు.

"నేను కామందుగారి డ్రైవర్నండీ. ఆ కారుకి ఏ రోగమూ లేదండీ. రోగం నాదండీ, పెద్దరోగం. నెలనెలా నేను మందుకెళ్లొచ్చేదాకా మేత్రిగారు ఆ కారు ముందేసుకుని కూకునేవోరండీ. టెర్మినల్ వదులు చేసింది నేనండీ, చెయ్యమంది ఆయనండీ. ఆయనకి బిగించడం రాక కాదండీ." ఆఖర్న, "ఆయ్, అంతేనండీ" అని కూర్చున్నాడు.

మా ముందు వరసలోవాళ్లు బెంచీ మీద పక్కకి జరిగారు. కామందుగారు తల తిప్పి ఆయన వైపు చూసి, మళ్లీ పెట్టె వైపు చూసి, కండువాతో మొహం తుడుచుకున్నారు. మర్నాటి నుంచి అప్పారావుగారికి ఆ కారులో పని లేదు. కామందుగారు ఇంటికి బియ్యం పంపేవారు గానీ కారు దగ్గరకి రానివ్వలేదు. తర్వాత ఆ మిషన్ ఆసుపత్రిలోనే గేటు దగ్గర పని దొరికింది. మేస్త్రిగారు బతికి ఉంటే ఆ సాక్ష్యానికి అప్పారావుగారిని కాలవ అవతలికి వినపడేలా తిట్టేవారు. నాకు తెలుసు. అప్పారావుగారికీ తెలుసు.

కానీ మేస్త్రిగారి భార్య తలెత్తింది. షామియానాలో అందరి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆ తర్వాత అమలాపురంలో టెర్మినల్ అనే మాట నేను బ్యాటరీ గురించి తప్ప వినలేదు.

పెట్టె లేపే వేళయింది. రెండు పక్కలా ఇనప పిడులున్నాయి. షెడ్డు వాళ్లం తలో పిడీ పట్టుకున్నాం. నాకెదురుగా ఉన్న పిడి దగ్గరకి అప్పారావుగారు వచ్చాడు. అక్కడ నిలబడ్డ మనిషి తప్పుకున్నాడు. దారి ఇచ్చాడో, భయపడ్డాడో నాకు తెలియదు. అప్పారావుగారు ఆ వంగిన వేళ్లని రెండో చేత్తో ఒక్కొక్కటే పిడి చుట్టూ మడుచుకున్నాడు. అప్పుడు పెట్టె మీదుగా నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"సత్యంగారూ, సరిగ్గా పట్టుకున్నానో లేదో కాత్త చూసి చెప్పండి."

చూశాను.

"పట్టుకున్నారండీ" అన్నాను. మేస్త్రిగారిని లేపాం.